క్యూఎమూ ఎడ్యు డివైస్ రివ్యూ: డ్రైవర్‌లో మెమరీ అడ్రస్‌లు నేర్చుకోవాలంటే ముందు ఇది, తర్వాతే బోర్డు

ఎంబెడెడ్ లినక్స్ నేర్చుకుందామని బెంగళూరు వచ్చి మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో దిగిన మనవాళ్లకి ముందుగా వినిపించే సలహా ఒకటే: ఎస్పీ రోడ్డుకి (ఎలక్ట్రానిక్స్ బజారు) వెళ్లి ఒక బోర్డు కొనుక్కో. బోర్డు వస్తుంది, ఎల్ఈడీ వెలుగుతుంది, క్యారెక్టర్ డ్రైవర్ లోడ్ అవుతుంది. ఆ తర్వాత ఇంటర్వ్యూలో "కేమలాక్ (కెర్నెల్‌లో మెమరీ తీసుకునే ఫంక్షన్) ఇచ్చిన పాయింటర్‌ని అలాగే డివైస్ రిజిస్టర్‌లో రాస్తే ఏమవుతుంది?" అని అడిగితే నోట మాట రాదు. జీపీఐఓ పిన్నులతో (ఎల్ఈడీ లాంటివి తగిలించే బోర్డు పిన్నులు) పని చేసినంత కాలం ఆ ప్రశ్నే ఎదురవదు కాబట్టి అది వాళ్ల తప్పు కాదు. డివైస్‌కి మెమరీ అడ్రస్ ఎవరు కేటాయిస్తారు, కెర్నెల్ దాన్ని ఎలా రిజర్వ్ చేసుకుంటుంది, ర్యామ్‌లో ఏ భాగం డివైస్‌కి అందుతుంది, ఏ భాగం అందదు అన్నవి నేర్పడానికి క్యూఎమూలో (కంప్యూటర్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్) ఉన్న ‘ఎడ్యు’ అనే నకిలీ పీసీఐ (కంప్యూటర్‌కి కార్డులు తగిలించే బస్) కార్డుని మించినది లేదన్నది ఈ రివ్యూ చెప్పే మాట. ఖర్చు సున్నా. కానీ దానితో వచ్చే గుడ్డి నమ్మకాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి గురించి కాస్త ఎక్కువే రాయాలి.

చెక్ రిపబ్లిక్‌లోని మసారిక్ యూనివర్సిటీలో లినక్స్ కెర్నెల్ పాఠాల కోసం తయారైన డివైస్ ఇది. వెండర్ ఐడీ 1234, డివైస్ ఐడీ 11ఈ8. ఉన్నది ఒకే బార్ (బేస్ అడ్రస్ రిజిస్టర్, అంటే డివైస్ ఏ మెమరీ అడ్రస్ దగ్గర కనిపించాలో చెప్పేది), దాని సైజు 1 ఎంబీ, 32 బిట్ల మెమరీ రకం. కెర్నెల్‌లో దీనికి రెడీమేడ్ డ్రైవర్ ఏదీ అంటుకోదు, అదే దీని పెద్ద ప్లస్. నిజమైన నెట్‌వర్క్ కార్డుతో ప్రాక్టీస్ మొదలుపెడితే ముందు ఉన్న డ్రైవర్‌ని అన్‌బైండ్ చేయడం దగ్గరే సగం రోజు పోతుంది.

ఉబుంటు ప్యాకేజీలోని క్యూఎమూలో ఇది ఉంటుంది. కొన్ని ఎంటర్‌ప్రైజ్ డిస్ట్రోలు టెస్ట్ డివైస్‌లని తీసేస్తాయి, అందుకని ముందు ‘డివైస్ హెల్ప్’ ఆప్షన్ ఇచ్చి లిస్టులో ఎడ్యు ఉందో లేదో చూసుకోండి. క్యూ35 మెషీన్ (క్యూఎమూ అనుకరించే ఒక పీసీ రకం), 1 జీబీ ర్యామ్, సీరియల్ కన్సోల్, ‘డివైస్ ఎడ్యు’ ఇస్తే చాలు. వాటితో పాటు ‘గెస్ట్ ఎర్రర్స్’ లాగింగ్ కూడా ఆన్ చేసి పెట్టండి, ఎందుకో కిందికి వెళ్లాక అర్థమవుతుంది. కెర్నెల్ సోర్స్ మొత్తం హిస్టరీతో క్లోన్ చేయకండి. పీజీ వైఫై మీద అది తెల్లారేదాకా సాగుతుంది, డెప్త్ 1 ఇస్తే ఈ పనికి సరిపోతుంది.

బూట్ అయ్యాక, డ్రైవర్ ఒక్క లైను కూడా రాయకముందే, ఎల్ఎస్‌పీసీఐ (పీసీఐ డివైస్‌ల లిస్టు చూపించే కమాండ్) వివరంగా ఇచ్చి చూడండి. బార్ దగ్గర కనిపించే అడ్రస్ చివరి ఐదు హెక్స్ అంకెలు ఎప్పుడూ సున్నాలే. ఎందుకంటే బార్ సైజు కనుక్కునే పద్ధతే అలాంటిది: సాఫ్ట్‌వేర్ ఆ రిజిస్టర్‌లో అన్నీ ఒకట్లు రాసి తిరిగి చదువుతుంది, ఎడ్యు పై 12 బిట్లు మాత్రమే నిలబెట్టుకుంటుంది, కింది 20 బిట్లు సున్నాలుగానే ఉంటాయి. 20 బిట్లంటే 1 ఎంబీ. కాబట్టి బేస్ అడ్రస్ కూడా 1 ఎంబీ హద్దు మీదే పడాలి. ఇప్పుడు క్యూఎమూ కమాండ్‌లో ఇంకో పీసీఐ డివైస్ చేర్చి మళ్లీ బూట్ చేయండి. ఎడ్యు అడ్రస్ పక్కకి జరిగే అవకాశం ఉంది. ఎల్ఎస్‌పీసీఐలో కనిపించిన నంబర్‌ని డ్రైవర్‌లో హార్డ్‌కోడ్ చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి మందు లేదు.

సిస్‌ఎఫ్ఎస్‌లో (డివైస్‌లని ఫైళ్లుగా చూపించే కెర్నెల్ ఫోల్డర్) ఎడ్యు డివైస్ ఫోల్డర్ తెరిస్తే ‘రిసోర్స్0’ అనే ఫైలు ఉంటుంది. రూట్‌గా ముందు ‘ఎనేబుల్’ ఫైల్లో 1 రాసి, రిసోర్స్0ని యూజర్ ప్రోగ్రామ్‌లో ఎంమ్యాప్ చేసి (ప్రోగ్రామ్ మెమరీలా కనిపించేట్టు చేసి), మొదటి నాలుగు బైట్లు చదివితే ఐడీ రిజిస్టర్ వస్తుంది, దాని చివరి రెండు హెక్స్ అంకెలు ఈ, డీ. ఆఫ్‌సెట్ 4లో ఏ విలువ రాసినా, చదివినప్పుడు బిట్లన్నీ తిరగబడి వస్తాయి. ఈ రెండూ సరిగ్గా వస్తే అడ్రస్ కేటాయింపు బాగానే ఉంది, ఇక తప్పు ఎక్కడ వచ్చినా మీ మాడ్యూల్లోనే వెతకాలి. ఒక జాగ్రత్త: హెక్స్ 80 కంటే కింద ఉన్న రిజిస్టర్లన్నీ 4 బైట్ల యాక్సెస్‌ని మాత్రమే ఒప్పుకుంటాయి. 8 బైట్లు చదివితే అన్నీ ఒకట్లు వస్తాయి. అది బస్ ఎర్రరేమోనని కంగారు పడనక్కర్లేదు.

డ్రైవర్‌లో ప్రోబ్ (డివైస్ దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే ఫంక్షన్) వరుస ఇలా ఉండాలి: పీసీఐ_ఎనేబుల్_డివైస్, పీసీఐ_రిక్వెస్ట్_రీజియన్స్, పీసీఐ_ఐఓమ్యాప్, డీఎంఏ_సెట్_మాస్క్_అండ్_కోహెరెంట్, పీసీఐ_సెట్_మాస్టర్, ఆ తర్వాతే బఫర్లు, ఇంటరప్ట్. మధ్యలో ఏది ఫెయిలైనా అప్పటిదాకా తీసుకున్నవన్నీ తలకిందుల వరుసలో వదిలేయాలి. రిక్వెస్ట్_రీజియన్స్ చేసేది హార్డ్‌వేర్ పని కాదు, కెర్నెల్ రిసోర్స్ చెట్టులో మీ పేరు రాసుకోవడం. ప్రాక్ ఐఓమెమ్‌లో డివైస్ లైను కింద మీ డ్రైవర్ పేరు కొంచెం లోపలికి జరిగి కనిపిస్తుంది (రూట్ కాకుండా చూస్తే అడ్రస్‌లన్నీ సున్నాలే). ఐఓమ్యాప్ ఇచ్చేది వేరే విషయం, అది కెర్నెల్ వర్చువల్ అడ్రస్. ఈ రెంటినీ ఒకటే అనుకుని ఐఓమ్యాప్ ఒక్కటే పిలిచి ఊరుకునే డ్రైవర్లు చాలా కనిపిస్తాయి. పని చేస్తాయి కూడా, రెండో డ్రైవర్ అదే రేంజ్‌లోకి వచ్చేదాకా.

ఇక్కడ ఎడ్యుతో కావాలనే చేసి చూడాల్సిన తప్పు ఒకటుంది. రిమూవ్ ఫంక్షన్‌లో రిలీజ్_రీజియన్స్ తీసేసి మాడ్యూల్‌ని లోడ్ చేసి అన్‌లోడ్ చేయండి. మళ్లీ లోడ్ చేస్తే రిక్వెస్ట్ దగ్గరే ‘బిజీ’ ఎర్రర్ వస్తుంది, ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిదేమిటంటే, రిసోర్స్ చెట్టు మీ పేరుని కాపీ చేసుకోదు, పాయింటర్ మాత్రమే పెట్టుకుంటుంది. ఆ పేరు ఉన్నది అన్‌లోడ్ అయిపోయిన మాడ్యూల్ మెమరీలో. ఆ తర్వాత ఎవరైనా ఐఓమెమ్ ఫైలు చదివితే కెర్నెల్ లేని చోట చదువుతుంది, ఊప్స్ (కెర్నెల్ క్రాష్ రిపోర్టు) రావచ్చు. నిజమైన మెషీన్ మీద ఇది జరిగితే ఎక్కడో మానిటరింగ్ స్క్రిప్ట్ నడిచినప్పుడు బయటపడుతుంది, తప్పు చేసిన డ్రైవర్ పేరు కూడా అందులో కనబడకపోవచ్చు. పీసీఐఎమ్, డెవ్ఎమ్ రకం ఫంక్షన్లు వాడితే ఈ వదిలేసే పనంతా కెర్నెలే చూసుకుంటుంది. అయినా ఒక్కసారి చేత్తో రాసి, విరగ్గొట్టి చూశాకే వాటికి మారండి.

ఇక అసలు సరుకు డీఎంఏ, అంటే సీపీయూ ప్రమేయం లేకుండా డివైస్ నేరుగా ర్యామ్‌లో చదవడం, రాయడం. ఎడ్యు డీఎంఏ మాస్క్ (డివైస్ ఎన్ని బిట్ల అడ్రస్ దాకా చేరగలదో చెప్పేది) డిఫాల్ట్‌గా 28 బిట్లు, అంటే ర్యామ్‌లో మొదటి 256 ఎంబీ మాత్రమే దానికి అందుతుంది. 1 జీబీ ఇచ్చిన గెస్ట్‌లో (క్యూఎమూ లోపల నడిచే మెషీన్) నాలుగింట మూడు వంతుల ర్యామ్ దాని చేతికి దొరకదు. ఈ ఒక్క నిర్ణయం వల్లే ఈ డివైస్ ఇంత ఉపయోగపడుతోంది.

మాస్క్ సెట్ చేయకుండా వదిలేశారనుకుందాం. కెర్నెల్ డిఫాల్ట్‌గా మీ డివైస్ 32 బిట్లు చూడగలదని నమ్ముతుంది. బఫర్‌కి ఉదాహరణకి హెక్స్ 31245000 అనే అడ్రస్ ఇచ్చిందనుకోండి. 28 బిట్లంటే ఏడు హెక్స్ అంకెలు. ఎడ్యు ఎనిమిదో అంకెని, అంటే ముందున్న 3ని, కోసేసి 1245000కి రాస్తుంది. అది 18 ఎంబీ దాటిన చోటు. కేఏఎస్ఎల్ఆర్ (కెర్నెల్‌ని ప్రతిసారీ వేరే అడ్రస్‌లో పెట్టే ఏర్పాటు) ఆపేసిన ఎక్స్86 కెర్నెల్ 16 ఎంబీ దగ్గర లోడ్ అవుతుంది. అంటే మీ 4 కేబీ డేటా నేరుగా కెర్నెల్ ఇమేజ్ మీద పడింది. ఆ క్షణంలో ఏ ఎర్రరూ రాదు. డివైస్ ‘పని అయిపోయింది’ అంటుంది, మీ బఫర్ ఖాళీగా ఉంటుంది, కొంతసేపటికి సంబంధం లేని చోట ప్యానిక్ వస్తుంది. ముందు చెప్పిన గెస్ట్ ఎర్రర్స్ లాగింగ్ ఆన్‌లో ఉంటే మాత్రం క్యూఎమూ అడ్రస్‌ని కుదించినట్టు ‘క్లాంపింగ్ డీఎంఏ’ అని ఒక లైను చూపిస్తుంది. నిజమైన కార్డు ఆ ఒక్క లైను కూడా ఇవ్వదు.

మాస్క్ 28 అని చెప్పాక రెండు దారులు వేర్వేరుగా ప్రవర్తిస్తాయి, ఈ తేడా పుస్తకం చదివితే అర్థం కాదు, చేసి చూడాలి. డీఎంఏ_అలాక్_కోహెరెంట్ పిలిస్తే కెర్నెల్ ముందు 4 జీబీ లోపలి జోన్‌లో పేజీ తీసి చూస్తుంది, అది 256 ఎంబీ దాటితే వదిలేసి 16 ఎంబీ లోపలి డీఎంఏ జోన్‌లో వెతుకుతుంది. కాబట్టి దొరుకుతుంది, కానీ ఆ జోన్ చిన్నది, పెద్ద పెద్ద బఫర్లు అడిగితే త్వరగానే చేతులెత్తేస్తుంది. కేమలాక్‌తో తీసుకున్న బఫర్‌ని డీఎంఏ_మ్యాప్_సింగిల్‌కి ఇస్తే కథ వేరు. బఫర్ 256 ఎంబీ దాటిన చోట ఉన్నా పేజీని మార్చే వీలు దానికి లేదు. 4 జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉన్న ఎక్స్86 గెస్ట్‌లో బౌన్స్ బఫర్ పూల్ (డివైస్‌కి అందే చోట డేటాని మధ్యలో కాపీ చేసి పెట్టే మెమరీ) కూడా మామూలుగా ఉండదు. అందుకని ‘డీఎంఏ అడ్రస్ ఓవర్‌ఫ్లో’ అనే వార్నింగ్, పక్కనే మాస్క్ విలువ, చేతికి ఎర్రర్ విలువ. డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్‌తో చెక్ చేయని డ్రైవర్ ఆ ఎర్రర్ విలువనే అడ్రస్ అనుకుని డివైస్‌కి ఇచ్చేస్తుంది. ఆ చెక్ ఉత్త లాంఛనం అనుకునేవాళ్లు ఇది ఒకసారి చూస్తే చాలు.

వీమలాక్ (ర్యామ్‌లో చెల్లాచెదురుగా ఉన్న పేజీలని వరుసగా చూపించే ఫంక్షన్) బఫర్‌ని మ్యాప్_సింగిల్‌కి ఇస్తే కెర్నెల్ నేరుగా తిరస్కరిస్తుంది. ఫంక్షన్ లోపల డిక్లేర్ చేసిన లోకల్ అర్రే కూడా అంతే, వీమ్యాప్ స్టాక్ ఉన్న కెర్నెల్‌లో స్టాక్ కూడా వీమలాక్ మెమరీయే. పాత నోట్సులో వర్ట్_టు_ఫిస్ పెట్టి అడ్రస్ లెక్కగట్టే కోడ్ ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.

రిజిస్టర్ల దగ్గర దాదాపు ప్రతి ఒక్కరూ తడబడే చోటు ఒకటి ఉంది. డీఎంఏ సోర్స్ రిజిస్టర్ హెక్స్ 80, డెస్టినేషన్ 88, బైట్ల లెక్క 90, కమాండ్ 98. కార్డు లోపల 4096 బైట్ల బఫర్ హెక్స్ 40000 దగ్గర ఉంటుంది. ర్యామ్ నుంచి కార్డుకి పంపాలంటే సోర్స్‌లో డీఎంఏ అడ్రస్, డెస్టినేషన్‌లో ఉత్త 40000 రాయాలి. బార్ అడ్రస్‌కి 40000 కలిపి రాస్తే తప్పు. ఐఓమ్యాప్ ఇచ్చిన పాయింటర్‌కి కలిపి రాస్తే ఇంకా పెద్ద తప్పు. అది కార్డు తన లోపల వాడుకునే అడ్రస్, సీపీయూకి దానితో పని లేదు. ఐఓరీడ్‌తో బార్‌లో 40000 ఆఫ్‌సెట్ చదివినా బఫర్ కనిపించదు, అన్నీ ఒకట్లే వస్తాయి. డేటా వెళ్లిందో లేదో చూడాలంటే డీఎంఏతోనే వెనక్కి తెప్పించుకోవాలి. కమాండ్‌లో విలువ 1 అంటే మొదలుపెట్టు, 2 అంటే దిశ తిప్పు, 4 అంటే అయ్యాక ఇంటరప్ట్ ఇవ్వు. కాబట్టి వెనక్కి తెప్పించడానికి ఇంటరప్ట్‌తో కలిపి 7 రాయాలి.

పీసీఐ_సెట్_మాస్టర్ మర్చిపోతే ఏమవుతుందో కూడా ఇక్కడే చూడండి. బస్ మాస్టర్ బిట్ లేనిదే క్యూఎమూ కార్డుని ర్యామ్ ముట్టనివ్వదు. కానీ ఎడ్యు ఆ ఫెయిల్యూర్‌ని పట్టించుకోదు, కమాండ్ బిట్ మామూలుగానే క్లియర్ అవుతుంది, డ్రైవర్ సక్సెస్ అని ప్రింట్ చేస్తుంది. ఫలితం: ర్యామ్‌లో పాత డేటా. బఫర్‌ని ముందే హెక్స్ 55 లాంటి గుర్తుతో నింపి పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. సున్నాలతో నింపితే తెలియదు.

ప్రతి డీఎంఏకి ఎడ్యు 100 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. నిజమైన హార్డ్‌వేర్‌తో పోలిస్తే ఇది చాలా నెమ్మది, కానీ నేర్చుకునేవాళ్లకి వరం. కమాండ్ రాసిన వెంటనే అన్‌మ్యాప్ చేసి కేఫ్రీ చేసే డ్రైవర్ వేగంగా నడిచే కార్డు మీద నెలల తరబడి బతికిపోవచ్చు, ఎడ్యు మీద మొదటిసారే దొరికిపోతుంది. ఇంకోటి, డీఎంఏ నడుస్తుండగా ఆ రిజిస్టర్లలో రాసినవి ఏమీ చెప్పకుండా పారేస్తుంది. అందుకని వరుసగా రెండు ట్రాన్స్‌ఫర్లు ఇచ్చి రెండోది రాలేదని తల పట్టుకోకండి, కమాండ్‌లో మొదటి బిట్ పోయేదాకా ఆగండి. ఇంటరప్ట్ వాడితే స్టేటస్ హెక్స్ 24లో హెక్స్ 100 కనిపిస్తుంది, అదే విలువని 64లో రాసి అక్నాలెడ్జ్ చేయాలి. లైన్ ఇంటరప్ట్ అయితే ఈ అక్నాలెడ్జ్ మరిచిపోతే లైను పైనే నిలబడిపోతుంది. మీ హ్యాండ్లర్ అది తనది కాదంటే కొద్దిసేపటికి కెర్నెల్ ‘నోబడీ కేర్డ్’ అని ఆ ఇంటరప్ట్‌నే మూసేస్తుంది.

లోపాల సంగతి. అడ్రస్ కేటాయింపు నేర్పడంలో ఐదుకి ఐదు ఇస్తాం, క్యాష్ విషయంలో ఐదుకి ఒకటి. ఎక్స్86లో డీఎంఏకి క్యాష్ కోహెరెంట్‌గా ఉంటుంది (క్యాష్‌కీ ర్యామ్‌కీ తేడా రాకుండా హార్డ్‌వేరే చూసుకుంటుంది), పైగా ఇది ఎమ్యులేషన్. డీఎంఏ_సింక్ పిలుపులు (ఆ తేడాని డ్రైవరే సరిచేసేవి) ఒక్కటి కూడా లేని డ్రైవర్ ఎడ్యు మీద చక్కగా నడుస్తుంది, ఆర్మ్ బోర్డు మీద పెట్టగానే పాత డేటా చూపిస్తుంది. దీనికి సగం మందు ఉంది. కెర్నెల్ కమాండ్ లైన్‌లో ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీకి (బౌన్స్ పూల్ ఆప్షన్) ‘8192,ఫోర్స్’ ఇవ్వండి. ఒక్కో స్లాట్ 2 కేబీ కాబట్టి 16 ఎంబీ బౌన్స్ పూల్ ఏర్పడుతుంది, ప్రతి స్ట్రీమింగ్ మ్యాప్ అందులో కాపీ అయి వెళ్తుంది. సింక్ మరిచిపోతే అచ్చం బోర్డు మీదలాగే పాత డేటా కనబడుతుంది. అయితే 1 జీబీ గెస్ట్‌లో ఆ పూల్ 256 ఎంబీకి పైనే పడొచ్చు, అప్పుడు మ్యాపింగే ఓవర్‌ఫ్లో అవుతుంది. ర్యామ్ సరిగ్గా 256 ఎంబీ ఇస్తే మొత్తం మెమరీ 28 బిట్లలో ఇమిడిపోతుంది, ఇబ్బంది ఉండదు.

రెండో లోపం, ఐఓఎంఎంయూ (డివైస్ వాడే అడ్రస్‌లని ర్యామ్ అడ్రస్‌లుగా మార్చే హార్డ్‌వేర్) లేకుండా ఎడ్యుకి ఇచ్చే డీఎంఏ అడ్రస్ ఫిజికల్ అడ్రస్‌కి సమానం. అది చూసి రెండూ ఒకటేనన్న అభిప్రాయం బలపడిపోతుంది. క్యూ35కి ఇంటెల్ ఐఓఎంఎంయూ డివైస్ తగిలించి, కెర్నెల్‌లో దాన్ని ఆన్ చేసి అదే డ్రైవర్ మళ్లీ నడపండి. ఇప్పుడు ప్రింట్ అయ్యే డీఎంఏ అడ్రస్ ర్యామ్ అడ్రస్‌తో సంబంధం లేకుండా ఉంటుంది, బఫర్ ఎక్కడున్నా 28 బిట్లలోపు అడ్రస్ దొరుకుతుంది, ఓవర్‌ఫ్లో గొడవే ఉండదు. అన్‌మ్యాప్ అయ్యాక కార్డు ముడితే డీమార్ (ఇంటెల్ ఐఓఎంఎంయూ) ఫాల్ట్ లాగ్‌లో పడుతుంది. ఐఓఎంఎంయూ స్ట్రిక్ట్ మోడ్ 1 ఇవ్వడం మరవకండి, లేకపోతే పాత మ్యాపింగ్ కాసేపు బతికే ఉండి తప్పుని దాచేస్తుంది. ప్రింట్ చేసేటప్పుడు ‘పర్సెంట్ పీ’ వాడితే హ్యాష్ చేసిన విలువ వస్తుంది, దానితో ఏదీ పోల్చలేరు. రిసోర్స్‌కి ‘పర్సెంట్ పీఆర్’, డీఎంఏ అడ్రస్‌కి ‘పర్సెంట్ పీఏడీ’ ఉన్నాయి, రెంటికీ విలువ కాకుండా పాయింటర్ ఇవ్వాలి. డీఎంఏ ఏపీఐ డీబగ్ కాన్ఫిగ్ కూడా ఆన్ చేసి కెర్నెల్ బిల్డ్ చేస్తే ఎర్రర్ చెక్ చేయని మ్యాపింగ్‌లని, వదలకుండా పోయిన వాటిని అదే పట్టిస్తుంది.

మూడోది డివైస్ లోపం కాదు, చుట్టూ ఉన్న సామగ్రిది. నగరంలో చేతులు మారుతూ తిరిగే డ్రైవర్ నోట్స్ చాలావరకు 2.6 కెర్నెల్ కాలానివి. ఐఓరీమ్యాప్_నోక్యాష్ 2020లో 5.6 కెర్నెల్‌తో పోయింది. పీసీఐ_అలాక్_కన్సిస్టెంట్, పీసీఐ_సెట్_డీఎంఏ_మాస్క్ లాంటివి 2022లో తీసేశారు. కొత్త కెర్నెల్‌లో ఇవి కంపైల్ కావు, పేర్లు మార్చుకుంటే లాజిక్ మాత్రం అదే.

ఎడ్యు మీద ఇవన్నీ విరగ్గొట్టి సరిచేశాక ఎస్పీ రోడ్డుకి బయల్దేరండి. అడ్రస్‌ల కోసమే కొనేటట్టయితే రాస్‌బెర్రీ పై 4 మంచి ఎంపిక. దాని పెరిఫెరల్ మాన్యువల్లో రిజిస్టర్లు హెక్స్ 7ఈ000000 దగ్గర ఉన్నట్టు ఉంటుంది, సీపీయూకి మాత్రం అవి ఎఫ్ఈ000000 దగ్గర కనిపిస్తాయి. ఆ తేడాని డివైస్ ట్రీలోని (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నెల్‌కి వివరించే ఫైలు) రేంజెస్ ప్రాపర్టీ కలుపుతుంది. ఐఓఎంఎంయూ లేకుండానే బస్ అడ్రస్, ఫిజికల్ అడ్రస్ వేరని చూపించే బోర్డు అది, క్యాష్ కూడా డీఎంఏతో కోహెరెంట్ కాదు. దాని పాత డీఎంఏ ఇంజిన్‌కి ర్యామ్‌లో మొదటి 1 జీబీయే అందుతుంది. అందుకని డబ్బు మిగులుతుందని 1 జీబీ మోడల్ తీసుకోకండి. అందులో ర్యామ్ మొత్తం ఇంజిన్‌కి అందుబాటులోనే ఉంటుంది, ఆ హద్దు మీకు ఎప్పటికీ ఎదురవదు. 2 జీబీ, ఆపైన ఉన్నదే అడగండి.